బుధవారం ఆరేసిన చొక్కా

1912 ఏప్రిల్ 10, బుధవారం

ఈ పుస్తకం క్రిస్మస్‌కి కిరాణా కొట్టు ముసలాయన ఇచ్చాడు. ఇన్నాళ్లూ పిండి డబ్బా కింద పడి ఉంది. అంట్లు తోమడం, బట్టలు ఉతకడం తప్ప నా బతుకులో రాయడానికి ఏముంది? ఇవాళ మాత్రం కడుపులో ఒక మాట ఉండిపోయింది. ఎవరికీ చెప్పకూడదు, చెప్పకుండా ఉండటమేమో నా వల్ల కాదు. అందుకని దీనికి చెబుతున్నాను.

రూబెన్ ఓడ ఎక్కలేదు. ఆర్చీ ఎక్కాడు.

అమ్మయ్య. రాశాక కాస్త తేలికగా ఉంది.

మా ఆయన రూబెన్‌కి సోమవారం నుంచీ జ్వరం. ఛాతీలో పిల్లికూతలు. శనివారం నాడే టైటానిక్‌లో బాయిలర్లకు బొగ్గు వేసే పనికి సంతకం పెట్టి, పని పుస్తకం ఓడ కంపెనీ ఆఫీసులో ఇచ్చి వచ్చాడు. బొగ్గు సమ్మె పుణ్యమా అని వారాల తరబడి ఓడలన్నీ రేవులోనే ఉండిపోయాయి. మా నార్తమ్ పేట మగవాళ్లంతా గుమ్మాల మీద కూర్చుని గోళ్లు గిల్లుకుంటూ గడిపారు. అలాంటి రోజుల్లో దొరికిన పని. సంతకం పెట్టినవాడు ఓడ వేళకి వెళ్లకపోతే అతని పని పుస్తకంలో ఆ సంగతి రాసేస్తారు. ఆ ఒక్క ముక్క పడితే ఇంకే ఓడవాడూ దగ్గరికి రానివ్వడు.

మా తమ్ముడు ఆర్చీ పుస్తకంలో అంతకంటే పెద్ద మచ్చే ఉంది. కిందటేడు ఎవరో ఇంజనీరుతో గొడవ పెట్టుకున్నాడు. 'ఇతని నడవడి గురించి ఏమీ చెప్పదలుచుకోలేదు' అని రాసి పంపారు. తిట్టినా ఇంతకంటే నయంగా ఉండేది. అప్పటినుంచి వాడికి పని లేదు. ఒకడికి పుస్తకం ఉంది, ఒంట్లో బలం లేదు. ఇంకొకడికి బలం ఉంది, పుస్తకం లేదు. ఆ రెండింటినీ కలపాలన్న ఆలోచన నాదే. బాయిలర్ల దగ్గర మసి పట్టాక ఎవడి మొహం ఎవడికి తెలుస్తుంది?

పొద్దున్నే ఆర్చీ పెరటి తలుపు నుంచి వచ్చాడు.

"బావా, నీ పేరు ఇలా ఇవ్వు. రెండు వారాల్లో తెచ్చిచ్చేస్తా. చిరగనివ్వను, మాయనివ్వను" అన్నాడు.

రూబెన్ లేవబోయి దగ్గుతో మెలికలు తిరిగాడు. "నా పేరు మీద వెళ్లి ఎవడితోనూ తగువు పెట్టుకోకురా. నాకున్న ఆస్తల్లా ఆ పుస్తకమే."

"నీ బద్ధకం సంగతి ఓడల్లో ఎవరికి తెలీదు? నేను వెళ్తే నీ పేరుకి మంచి పేరొస్తుంది" అని నా వైపు తిరిగి, "అక్కా, ఇవాళ నేను రూబెన్ స్ట్రైడ్ దొరని. టీలో పంచదార ఇంకాస్త వెయ్యి" అన్నాడు.

వాడి నీలి చారల చొక్కా విప్పి కుర్చీ మీద పడేసి, రూబెన్ పాత చొక్కా తొడుక్కున్నాడు. "ఇది అమ్మ కుట్టింది, బొగ్గులో పాడు చెయ్యను. వచ్చాక డాన్సుకి వేసుకుంటా" అన్నాడు. తెల్ల గుండీలు అయిపోయి మూడోది మాత్రం గోధుమ రంగుది వేసిందే అమ్మ, ఆ చొక్కా.

"అమ్మకి ఏం చెప్పావురా?"

"కార్డిఫ్‌లో బొగ్గు పడవల మీద పనుందట, వెళ్తున్నా అన్నా. నిజం చెబితే ఇంకేమైనా ఉందా? 'ఆ సోమరిపోతు బదులు నా కొడుకు చెమటోడ్చాలా' అని వీధంతా ఏకం చెయ్యదూ?"

అమ్మ ఉండేది మా పెరటికి అవతల, ఎదురు మేడ మీద గది. ఆర్చీ కూడా అక్కడే. అందుకని గోడ వారగా నడుస్తూ వెళ్లాడు. మూల తిరిగే చోట ఆగి, "స్ట్రైడ్ దొర ప్రయాణమవుతున్నాడు, ఎవరైనా చెయ్యి ఊపండమ్మా" అన్నాడు. ఊపితే ఎవరైనా చూస్తారని, "పోరా, పో" అన్నాను.

మధ్యాహ్నం ఓడ కూత వేసేసరికి నేను తొట్టి దగ్గర మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాను. రూబెన్ చెమటకి దుప్పట్లు కంపు కొడుతున్నాయి. అవి ఉతికి ఆరేస్తుంటే పక్కింటి మిసెస్ వీల్ గోడ మీంచి తల పెట్టింది.

"ఏమిటే హెట్టీ, మొగుడు ఓడెక్కిన రోజు బట్టలుతుకుతున్నావా? మనిషిని కడిగేసుకుంటావా ఏం?"

నాలిక కరుచుకున్నాను. మా వీధిలో మగవాడు ఓడెక్కిన రోజు ఆ ఇంటి ఆడది తొట్టి ముట్టదు. నాకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతే. కానీ నా మనిషి లోపలే పడుకుని ఉన్నాడుగా, నాకేం అన్న ధీమాలో మరిచిపోయాను. "మురికి ఆగలేదు పిన్నీ" అని లోపలికి వచ్చేశాను. తర్వాత నవ్వొచ్చింది.

రెండు దుప్పట్లు, ఒక దిండు గలేబు, ఆర్చీ చొక్కా. గాలికి బాగా ఆరాయి.


ఏప్రిల్ 11

ఓడెక్కింది ఆర్చీ కదా. ఉతికేటప్పుడు ఆ సంగతి ఎందుకు గుర్తు రాలేదు నాకు?

రూబెన్ ఇవి ముసలమ్మల చాదస్తాలంటాడు. నేనూ అంతే అంటాను.


ఏప్రిల్ 13, శనివారం

మొగుణ్ణి దాచడం దొంగ సొమ్ము దాచడం కంటే కష్టం. సొమ్ము దగ్గదు. రూబెన్‌ని వెనక గదిలో తెర వేసి పడుకోబెట్టాను. ఓడ తిరిగొచ్చే దాకా బయటికి రాకూడదు. దగ్గొస్తే దిండులో మొహం పెట్టుకుంటాడు. అయినా గోడలు ఎంత మందం ఉన్నాయని? పొద్దున మిసెస్ వీల్ "రాత్రంతా ఎవరే ఆ దగ్గు?" అంది. "నేనే పిన్నీ" అని, నమ్మించడానికి అక్కడే నిలబడి మూడు సార్లు దగ్గాను. ఆవిడ నాకు ఉల్లిపాయ కషాయం తెచ్చిచ్చింది. ఆవిడ చూస్తుండగానే తాగాల్సి వచ్చింది.

సాయంత్రం ఇస్త్రీ దుకాణంలో పని అయ్యాక అమ్మ వచ్చింది. ఒక గిన్నెడు మాంసం పులుసు తెచ్చింది.

"ఇంత నేనొక్కదాన్నే ఎలా తింటానమ్మా?"

"ఒంట్లో బాగోనప్పుడు తినాలి" అంది. వెనక గది తలుపు వైపు ఒకసారి చూసి, గిన్నె మళ్లీ తీసుకెళ్తానని చెప్పి వెళ్లిపోయింది.

ఆర్చీ గురించి అడగలేదు. బతికిపోయాను.

రూబెన్ పులుసు గిన్నె నాకేశాడు. "మీ అమ్మ వంటకి వంక పెట్టలేం, పెడితే నోటికే పెట్టాలి" అన్నాడు. జ్వరం తగ్గినట్టుంది.


ఏప్రిల్ 15, సోమవారం

ఓడ మంచుకొండని గుద్దుకుందట. పేపర్లో వేశారు. అందరూ క్షేమమే, ఓడని లాక్కెళ్తున్నారని కూడా వేశారు. రూబెన్ అయితే "అంత ఓడ ఎలా మునుగుతుందే? రేవంత ఉంటుంది" అన్నాడు. నిజమే. రేవు మునుగుతుందా ఎక్కడైనా?

ఆర్చీ వచ్చాక దీన్ని ఎన్నాళ్లు చెప్పుకుంటాడో. వాడి నోరు మూయించడం ఎవరి తరం?


ఏప్రిల్ 16

మునిగిపోయింది.


ఏప్రిల్ 17

పొద్దున్నుంచి కెన్యూట్ రోడ్డులో కంపెనీ ఆఫీసు ముందే ఉన్నాను. మా వీధి వీధంతా అక్కడే ఉంది. చంటిపిల్లల్ని ఎత్తుకుని కొందరు, వంటింటి ఏప్రన్‌తోనే కొందరు. ఎవరూ మాట్లాడటం లేదు. ఇంతమంది ఆడవాళ్లు ఒక్క చోట ఉండి మాట్లాడకపోవడం నేనెప్పుడూ చూడలేదు. బతికిన పనివాళ్ల పేర్లు ఇంకా రాలేదు. వచ్చాక బోర్డు మీద రాస్తారట.

అమ్మ నాతోనే వచ్చింది. ఇస్త్రీ పని మానేసి వచ్చింది. నా మోచెయ్యి పట్టుకుని నిలబడింది, వదల్లేదు. నా మొగుడి కోసం వచ్చిందనే కదా అందరూ అనుకునేది. నేనూ అలాగే అనుకున్నాను. రూబెన్‌ని ఒక్క రోజు టీకి పిలిచిన మనిషి కాదు. కష్టం వస్తే మనుషులు మారతారు కాబోలు.

ఆర్చీ గురించి అడగలేదు.


ఏప్రిల్ 18

బోర్డు మీద ఏమీ లేదు. వాన.

చెయ్యి ఊపి ఉండాల్సింది. ఎవరు చూస్తే ఏం?


ఏప్రిల్ 19, శుక్రవారం

పేర్లు రాశారు.

ఎవరో గుమాస్తా నిచ్చెన ఎక్కి ఒక్కో పేరే రాస్తుంటే, ప్రతి పేరుకీ గుంపులో ఎక్కడో ఒక చోట ఒక ఆడది కేక పెట్టేది. మిగతావాళ్లందరూ ఆమె వైపు చూసి మళ్లీ బోర్డు వైపు తిరిగేవాళ్లు. అమ్మకి అక్షరాలు సరిగా రావు. "రూబెన్ పేరు చూడు" అంది.

"లేదమ్మా."

"కింద నుంచి చూడు."

చూశాను. "లేదు."

"వాళ్లు వరస తప్పి రాస్తారు. మధ్యలో చూడు. స్ట్రైడ్ అని ఉంటుంది. నువ్వు సరిగా చూడటం లేదు."

నాలుగు సార్లు చదివించింది. ఆఖరికి నేను ఏడుస్తూ "లేదమ్మా, లేదు" అంటే నా చెయ్యి వదిలేసి రోడ్డు అంచున అలాగే కూలబడింది. వాన నీళ్లు పోతున్న చోటే కూర్చుంది. ఎవరో పెద్దావిడ వచ్చి నన్ను వదిలేసి అమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "కొడుకా అమ్మా?" అంది. "అల్లుడు" అంది అమ్మ.

నేను చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా. రాలేదు.

ఇంటికొచ్చి తలుపు వేశాను. రూబెన్ నా మొహం చూసి గోడకి తిరిగి పడుకున్నాడు. సాయంత్రం దాకా అలాగే ఉన్నాడు. "వాడు నా జ్వరాన్ని మోసుకెళ్లాడే" అన్నాడు ఒకసారి. జాబితా పూర్తయ్యిందని ఎవరూ చెప్పలేదు. ఇంకో ఓడ ఏదైనా ఎక్కించుకుని ఉండొచ్చు. అమెరికాలో ఆస్పత్రిలో ఉండొచ్చు, పేరు చెప్పలేని స్థితిలో. ఏ పేరు చెప్పాలో తేల్చుకోలేక ఊరుకుని ఉండొచ్చు. అవును, వాడు ఏ పేరు చెబుతాడు?


ఏప్రిల్ 20

ఇల్లంతా పరామర్శలు. ప్రతి ఒక్కరి ఇంట్లోనూ ఎవరో ఒకరు పోయారు, అయినా ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చుంటున్నారు. చావింటి గుర్తుగా కిటికీ తెరలు దించాను. ఎవరిదో నల్ల గౌను నాకు తొడిగారు. నడుము దగ్గర వదులు. అందులో నిలబడి, వెనక గదిలో మంచం కింద చెప్పులతో సహా ఉన్న మొగుడి కోసం విధవరాలి వేషం కట్టాను. ఏడుపు మాత్రం నిజమే. దానికి వేషం అక్కర్లేకపోయింది.

మిసెస్ వీల్ మూలన కూర్చుని నెమ్మదిగా, కానీ అందరికీ వినపడేలా, "నేను చెబుతూనే ఉన్నా. ఆ రోజే చెప్పా. ఓడ కూత వేస్తుంటే దుప్పట్లు ఆరేసుకుంటోంది" అంది. గదిలో అందరూ నా చేతుల వైపు చూశారు. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. నేనూ నా చేతుల్నే చూస్తున్నాను.

అమ్మ లేచింది. "నా కూతురు నాలుగు గుడ్డలు ఉతికితే అంత ఓడ మునుగుతుందా? నోటికి వచ్చినట్టు మాట్లాడకు. నీ టీ అయిపోతే కప్పు అక్కడ పెట్టు" అంది.

సరిగ్గా అప్పుడే వెనక గదిలో రూబెన్ దగ్గాడు. దిండు అడ్డం పెట్టుకున్నట్టు లేదు. వెంటనే అమ్మ దగ్గడం మొదలెట్టింది. పెద్దగా, పొట్ట పట్టుకుని, కళ్ల వెంట నీళ్లు కారేదాకా. అందరూ ఆమె చుట్టూ చేరారు. "వానలో కూర్చున్నా కదా, పట్టేసింది" అంది. దేవుడు చల్లగా చూశాడు. లేకపోతే ఆ దగ్గు ఎలా దాచేదాన్ని?

వెళ్తూ వెళ్తూ అమ్మ గుమ్మంలో ఆగి నా తల నిమిరింది. "ఏడవాలనిపిస్తే ఏడువు. ఎవరి కోసం ఏడుస్తున్నావని ఎవరూ అడగరు" అంది.

ఆర్చీ గురించి అడగలేదు.


ఏప్రిల్ 21, ఆదివారం

చర్చిలో పేర్లు చదివారు. మా పేటవాళ్ల పేర్లే అంతసేపు పట్టాయి. 'రూబెన్ స్ట్రైడ్' అన్నప్పుడు అమ్మ మోకాళ్ల మీద కూలిపోయింది. లేవలేదు. తర్వాత అందరూ లేచి పాడుతున్నా లేవలేదు.

ఆర్చీ పేరు ఎక్కడా లేదు. చదివిన వాటిలో లేదు, చదవని వాటిలో లేదు. బతికినవాళ్లలో లేదు, పోయినవాళ్లలో లేదు. ఏ బోర్డు మీదా లేదు. వాడి కోసం ఈ ఊళ్లో ఒక్క తెర కూడా దించలేదు. వాడు ఓడ ఎక్కినట్టు తెలిసింది ఈ ప్రపంచంలో ముగ్గురికే. ఇప్పుడు ఇద్దరం.


ఏప్రిల్ 23

సహాయ నిధి నుంచి ఒక దొరసాని వచ్చింది. మంచి మనిషి. చేతి తొడుగులు తీసి నా చెయ్యి పట్టుకుంది. పెద్ద కాగితం మీద 'రూబెన్ స్ట్రైడ్ భార్య, విధవ' అని రాసి, కింద సంతకం పెట్టమంది. నేను వద్దన్నాను. మొహమాటమనుకుంది. "పెట్టమ్మా, నీకు హక్కుంది" అంది.

పెట్టాను.

ఆవిడ వెళ్లాక రూబెన్ బయటికి వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. గడ్డం పెరిగి మనిషి సగమయ్యాడు.

"నన్ను చంపేసి వచ్చావా?"

"ఏం చెయ్యను మరి? లోపల ఉన్నాడు, పిలుస్తానని చెప్పనా?"

"చెప్పు. ఆఫీసుకి వెళ్లి నేనే చెబుతా. ఆ పేరు వాడిదని రాయిస్తా."

"నిన్ను జైల్లో వేస్తారు. పుస్తకం తిరిగివ్వరు. ఆ తర్వాత బతికేదెలా? అయినా ఆర్చీ పోయాడని ఎవరు చెప్పారు నీకు? చూసినవాళ్లెవరైనా ఉన్నారా?"

రూబెన్ నా వైపు జాలిగా చూశాడు. పెళ్లయిన ఐదేళ్లలో ఆ చూపు ఎప్పుడూ చూడలేదు. "మరి మీ అమ్మకి?" అన్నాడు.

"అమ్మ అడగలేదుగా" అన్నాను.


ఏప్రిల్ 25

అమ్మ అడగలేదు.


ఏప్రిల్ 26

అడిగితే చెప్పేస్తాను. ఒట్టు. అడగనిదే ఎలా చెప్పను? హాయిగా ఉంది ఆవిడ, కొడుకు కార్డిఫ్‌లో ఉన్నాడనుకుంటూ. దాన్ని కూడా నేనే చెడగొట్టాలా?


ఏప్రిల్ 29, సోమవారం

బతికిన పనివాళ్లు ఇవాళ ఊరు చేరారు. స్టేషన్‌కి వెళ్లాను. రైల్లోంచి దిగిన ప్రతి మొహాన్నీ చూశాను. గుంపు పలచబడి, పోర్టరు చీపురు పట్టుకొచ్చేదాకా ఉన్నాను.

సాయంత్రం నాలుగింటికి ఒకతను తలుపు తట్టాడు. జెస్సీ కల్ అట, చాపెల్ పేటలో ఉంటాడు. ఆ ఓడలోనే బొగ్గు వేసేవాడు. పాదాలకి గుడ్డలు చుట్టుకుని ఉన్నాయి, కర్ర పట్టుకుని వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీ ఆయనా నేనూ ఒకే కొలిమి దగ్గరమ్మా. అంతకు ముందు తెలీదు గానీ నాలుగు రోజుల్లో ప్రాణ స్నేహితుడైపోయాడు. ఏం నవ్వించేవాడు! ఓడ దిగాక ఓ డాన్సు ఉందట, దానికి చొక్కా కూడా ఉందట, మా అందరికీ చెప్పాడు."

వెనక గదిలో మంచం కిర్రుమంది. నేను కుర్చీ చప్పుడయ్యేలా జరిపాను.

"చివర్లో పైకొచ్చాం ఇద్దరం. పడవలో తెడ్డు వెయ్యడానికి ఒక్కడు కావాలన్నారు. నేను ముందున్నా. అంతేనమ్మా, ఇంకేం లేదు, నేను ముందున్నా." కర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "పడవ దించుతుంటే పైనుంచి అరిచాడు. 'జెస్సీ, నా పేరు స్ట్రైడ్ కాదు, ఆర్చీ డిబ్డెన్. మా అమ్మకి చెప్పు. ఆర్చీ డిబ్డెన్' అని. రెండు సార్లు చెప్పాడు. భయానికి మతి చెదిరిందేమో అనుకున్నా. కానీ అప్పుడు కూడా ఆయన గొంతు మామూలుగానే ఉంది. అందుకే వచ్చా. ఎవరమ్మా ఆ డిబ్డెన్? వాళ్లమ్మ ఎక్కడుంటుంది?"

పెరటి తలుపు తెరిచే ఉంది. అందులోంచి అమ్మ కిటికీ కనిపిస్తోంది.

"నాకు తెలీదు" అన్నాను.

అన్నాను. ఈ చేత్తోనే రాస్తున్నాను కాబట్టి పూర్తిగా రాస్తాను. నా తమ్ముడు చావబోతూ తన పేరు తనకి కావాలన్నాడు. నేను ఆ పేరు నాకు తెలీదన్నాను.


ఏప్రిల్ 30, మంగళవారం

పొద్దున అమ్మ పనికి వెళ్లకముందే మెట్లెక్కాను. కెటిల్ పొయ్యి మీద ఉంది. బల్ల మీద రెండు కప్పులు. ఆర్చీ కుర్చీ గోడకి ఆనించి ఉంది.

"అమ్మా, నీతో ఒకటి చెప్పాలి."

"టీ తాగి చెప్పు."

"కాదమ్మా. ఆర్చీ—"

"టీ తాగు ముందు" అంది. కెటిల్ దించుతుంటే బల్ల మీద నీళ్లు ఒలికాయి. గుడ్డతో తుడుస్తూ, తుడిచిన చోటే తుడుస్తూ, నా వైపు చూడకుండా మాట్లాడింది.

"ఆ రోజు నేను తొట్టిలో నీళ్లు పోసి, అల్లుడు ఓడెక్కే రోజు కదా అని ఆగిపోయా. నాకు వాడంటే పడకపోయినా, నా కూతురి మొగుడు కదా. కిటికీలోంచి చూస్తే నువ్వు బట్టలు ఆరేస్తున్నావు. నువ్వెంత మతిమరుపుదానివైనా మొగుడు ఓడలో ఉండగా ఆ పని చెయ్యవు. అంటే మొగుడు ఇంట్లోనే ఉన్నాడు. సరే, జ్వరంతో ఆగిపోయుంటాడు అనుకున్నా. అప్పుడు నువ్వు ఆ చొక్కా ఆరేశావు."

నేను కిటికీలోంచి మా పెరట్లో దండెం వైపు చూశాను.

"మూడో గుండీ ఇక్కడి నుంచే కనపడింది. ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నా, నేను కుట్టింది పోల్చుకోలేనా? ఆ ఒక్క మంచి చొక్కా అక్కడ విడిచి, వాడు కార్డిఫ్‌కి ఏం వేసుకుని వెళ్తాడే?"

"మరి ఎందుకు అడగలేదమ్మా? ఇన్ని రోజులు..."

అమ్మ గుడ్డ పక్కన పెట్టింది. "నువ్వు చెప్పనంత సేపూ వాడు కార్డిఫ్‌లోనే ఉన్నాడుగా" అంది.

అప్పుడు చెప్పాను. అంతా చెప్పాను. ఆలోచన నాదేనని, నిన్న జెస్సీ కల్ వచ్చాడని, ఆర్చీ ఏమని అరిచాడో, నేను ఏమన్నానో. అన్నీ వింది. నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. ఆవిడ మాత్రం, "రెండు సార్లు చెప్పాడా?" అని అడిగింది.

"రెండు సార్లు."

"వాడి పేరు వాడికి తెచ్చిపెట్టు. ఇంక నేనేమీ అడగను" అంది.


మే 1, బుధవారం

రూబెన్ గడ్డం గీసుకుని, పట్టపగలు, ముందు తలుపు తీసుకుని బయటికి నడిచాడు. మిసెస్ వీల్ గుమ్మం కడుగుతోంది. బకెట్టు వదిలేసి గోడకి అతుక్కుపోయింది. "దెయ్యం కాదు పిన్నీ, దగ్గు నాదే" అన్నాడు రూబెన్. ఆవిడ నోట మాట రాలేదు. ఐదేళ్లుగా ఆవిడ మాకు పక్కిల్లు, అలా జరగడం ఇదే మొదలు.

అమ్మ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ అలా వీధి వెంట నడుస్తుంటే తెరలు దించిన కిటికీలన్నీ ఒక్కొక్కటే కదిలాయి. నేను వెనక నడిచాను.

ఆఫీసులో గుమాస్తా మొదట నమ్మలేదు. తర్వాత కోప్పడ్డాడు. తర్వాత అమ్మ మొహం చూసి ఊరుకున్నాడు. రూబెన్ పని పుస్తకం తీసి సొరుగులో పడేసి తాళం వేశాడు. ఇక అది తిరిగి రాదు. ఏం చేస్తారో తర్వాత కబురు పెడతామన్నాడు. రూబెన్ తల ఊపాడు. నిధి దొరసాని కాగితం మీద నా సంతకం గురించి కూడా చెప్పేశాను. గుమాస్తా పెద్ద పుస్తకం తెరిచి, 'రూబెన్ స్ట్రైడ్' మీద గీత కొట్టి, పక్కన రాయడానికి కలం ముంచాడు.

"పూర్తి పేరు?"

అమ్మ ముందుకి వంగింది. "ఆర్చీ డిబ్డెన్" అంది. అతను రాస్తుంటే వేలు పెట్టి, చదవలేకపోయినా, అక్షరం వెంట అక్షరం చూసింది. "ఇంకోసారి రాయి బాబూ" అంది. ఎందుకని అడగకుండా అతను ఇంకో కాగితం మీద రాసిచ్చాడు. దాన్ని మడిచి లోపల దాచుకుంది.

ఇంటికి వచ్చాక చొక్కా అడిగింది. బీరువాలో అట్టడుగున పెట్టాను. ఇస్త్రీ చేసి, గుండీలు పెట్టి, మడత పెట్టి ఉంచాను, డాన్సుకి వెళ్లేవాడికి ఇబ్బంది లేకుండా. అమ్మ దాన్ని విప్పి మొహానికి ఆనించుకుంది. తర్వాత కాలరు దగ్గర చూసింది, చంకల దగ్గర చూసింది, చేతుల పట్టీలు తిరగేసి చూసింది, మళ్లీ కాలరు దగ్గరికి వచ్చింది.

"ఏమీ మిగల్చలేదే తల్లీ" అంది. కోపంగా అనలేదు. "అంతా సబ్బు వాసనే."

నేను బాగా ఉతుకుతాను. చిన్నప్పుడు అమ్మే నేర్పింది.